మట్టిని చదివి వినిపించినవాడు: మార్టిమర్ వీలర్

చరిత్ర పాఠం చెప్పే ప్రతి టీచరుకూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. శాతవాహనులు రెండువేల ఏళ్ళ కిందటివాళ్ళని చెప్పగానే వెనక వరసలో ఒక చెయ్యి లేస్తుంది: "మనకెలా తెలుసు?" పిల్లలు ఎదురు చెప్పాలని అడగరు. వారమంతా వెళ్ళే ఇక్కడి బడిలో ఏ మాటకైనా ఆధారం చూపించమని వాళ్ళకి నేర్పుతున్నారు. వారాంతంలో మన తెలుగు బడికి వచ్చి అదే అడుగుతున్నారు. "పుస్తకంలో ఉంది" అంటే ఆ చెయ్యి దిగిపోతుంది. దానితో పాటే ఆసక్తి కూడా దిగిపోతుంది.

ఆ ప్రశ్నకు జవాబు మామూలు జనానికి అర్థమయ్యేట్టు చెప్పడాన్ని తన వృత్తిలో భాగంగా పెట్టుకున్న ఒక పురావస్తు శాస్త్రవేత్త గురించి ఈ వ్యాసం. ఆయన మనం ఉంటున్న ఈ బ్రిటన్‌లోనూ తవ్వాడు, మనం వచ్చిన భారతదేశంలోనూ తవ్వాడు. పేరు మార్టిమర్ వీలర్ (1890–1976). ఆయన చేసిన మంచి పనులు మన బడికి ఎంత ఉపయోగమో, ఆయన పడ్డ పొరపాట్లూ అంతే ఉపయోగం. అందుకే రెండూ చెప్పుకుందాం.

తవ్వకం దగ్గరికి జనాన్ని పిలిచాడు

వీలర్ గ్లాస్గోలో పుట్టాడు, లండన్‌లో చదువుకున్నాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేశాడు. యుద్ధం అయ్యాక వేల్స్ నేషనల్ మ్యూజియంలో చేరాడు. 1926లో లండన్ మ్యూజియం బాధ్యత తీసుకున్నాడు.

వేల్స్‌లో కార్లియన్ అనే ఊళ్ళో గడ్డి మొలిచిన పెద్ద గుండ్రటి పల్లం ఒకటి ఉండేది. జనం దాన్ని ఆర్థర్ రాజు గుండ్రబల్ల అనేవారు. తెలంగాణలో, ఆంధ్రలో పెద్ద పెద్ద రాతిపలకలతో కట్టిన పాత సమాధుల్ని రాక్షసగుళ్ళనో, పాండవగుళ్ళనో పిలిచినట్టే ఇదీ. ఆర్థర్ రాజు పేరు మీద ఉన్న మోజు కొద్దీ డెయిలీ మెయిల్ పత్రిక తవ్వకానికి డబ్బు సాయం చేసింది. 1926–27లో తవ్వితే అది రోమన్ సైనికుల క్రీడా ప్రాంగణం అని తేలింది. ఆ తవ్వకాన్ని దగ్గరుండి నడిపించింది వీలర్ భార్య టెస్సా. ఆవిడా గొప్ప పురావస్తు శాస్త్రవేత్తే. జనం నమ్మకాన్ని వాళ్ళు ఎగతాళి చెయ్యలేదు, అలాగని అదే నిజమనీ చెప్పలేదు. ఆ కుతూహలాన్ని పట్టుకుని జనాన్ని గోతి దాకా రప్పించి, "ఇక్కడ దొరికింది ఇదీ" అని చూపించారు.

ఆ పద్ధతి పూర్తిగా కనిపించింది డోర్సెట్‌లోని మెయిడెన్ కాజిల్ దగ్గర. పేరులో కోట ఉన్నా అక్కడ రాతి గోడలు లేవు. కొండ చుట్టూ కట్టలు కట్టలుగా పోసిన మట్టి, వాటి మధ్య లోతైన కందకాలు. ఇనుపయుగం నాటి కొండకోట అది. వీలర్ దంపతులు 1934 నుంచి 1937 దాకా ఏటా వేసవిలో, వంద మంది దాకా విద్యార్థులనూ స్వచ్ఛంద సేవకులనూ పెట్టుకుని తవ్వించారు. టెస్సా 1936లో, పని సగంలో ఉండగానే చనిపోయింది.

చూడ్డానికి వచ్చిన జనాన్ని వాళ్ళు తరిమెయ్యలేదు. దారి చూపే బోర్డులు పెట్టారు. వచ్చినవాళ్ళకు వివరించి చెప్పడానికి విద్యార్థులను నియమించారు. పత్రికలవాళ్ళకు ఎప్పటికప్పుడు కబురు ఇచ్చారు. పోస్టుకార్డులు, చిన్న పుస్తకాలు అమ్మారు. ఆ కోటలో వడిసెల రాళ్ళు వేలకొద్దీ దొరికాయి, చాలావరకు చెసిల్ సముద్ర తీరం నుంచి ఏరి తెచ్చిన గులకరాళ్ళు. వాటిలో కొన్నీ, పనికిరాని కుండపెంకులు కొన్నీ అమ్మి, ఆ డబ్బు మళ్ళీ తవ్వకానికే వాడారు. ఈనాటి పద్ధతిలో అలా అమ్మడం తప్పు. కానీ రెండువేల ఏళ్ళ నాటి వడిసెల రాయిని జేబులో వేసుకుని ఇంటికెళ్ళిన పిల్లవాడికి చరిత్ర అంటే ఏమనిపించి ఉంటుందో ఊహించండి.

జనం డబ్బుతో జరిగే పని జనానికి అర్థమయ్యేట్టు చెప్పడం తన బాధ్యత అని వీలర్ నమ్మాడు. తీరిక దొరికితే చేసే ఉపకారంగా దాన్ని చూడలేదు.

పొరలు ఎలా చదవాలి

వీలర్ జనానికి చూపించింది దొరికిన వస్తువులను మాత్రమే కాదు. అవి ఏ మట్టి పొరలో దొరికాయో అది కూడా చూపించాడు. దీన్ని పిల్లలకు చెప్పడానికి తేలికైన దారి ఒకటుంది. ఊళ్ళో తాతగారి పాత ఇల్లు గుర్తు తెచ్చుకోండి. ప్రతి సంక్రాంతికీ గోడకు సున్నం వేస్తారు. ఎక్కడైనా పెచ్చు ఊడితే లోపల పూత మీద పూత కనిపిస్తుంది. అన్నిటికంటే లోపలిది పాతది, పైది కొత్తది. రెండు పూతల మధ్య ఒక పిల్లవాడు పెన్సిలుతో రాసిన పేరు కనిపించిందనుకోండి. అది కింది పూత వేశాక, పై పూత వెయ్యకముందు రాసిందని ఎవరైనా చెప్పగలరు. భూమి కూడా అంతే. ఇల్లు కూలుతుంది, చెత్త పేరుకుంటుంది, దాని మీద ఇంకో ఇల్లు లేస్తుంది.

వీలర్ నేలను చదరపు గళ్ళుగా విడగొట్టి, గళ్ళ మధ్య వరిమడి గట్లలాగా గట్లు వదిలి తవ్వించేవాడు. గట్టు పక్కన నిటారుగా కోసిన మట్టిలో పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. ప్రతి పొరకూ ఒక అంకె చీటీ గుచ్చాలి. ఏ పెంకు ఏ పొరలో దొరికితే దాన్ని ఆ అంకెతోనే దాచాలి, బొమ్మ గీయాలి. అప్పుడు "మీరు చెప్పింది నిజమేనా?" అని ఎవరైనా వచ్చి సరిచూసుకోవచ్చు.

ఈ పద్ధతి లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం వెళ్ళక్కర్లేదు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపం శిల్పాలు మీలో చాలామంది చూసే ఉంటారు. 18వ శతాబ్దం చివర్లో ఆ దిబ్బలోని రాళ్ళను కట్టడాల కోసం తీసుకెళ్ళారు. 1845లో వాల్టర్ ఇలియట్ అక్కడ తవ్వించి తీయించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కణ్ణించి లండన్‌కు వచ్చాయి. ఆ తరువాత కూడా పొరలు చూసుకోకుండా దిబ్బను తవ్విపోశారు. శిల్పాలు మిగిలాయి, అది మన అదృష్టం. కానీ ఏ రాయి ఏ పొర మీద పడి ఉంది, దాని పక్కన ఏముంది అన్న సమాచారం చాలావరకు పోయింది. అందుకే ఆ స్తూపం ఏ దశలో ఎలా ఉండేదో తేల్చడానికి పండితులు ఇప్పటికీ తంటాలు పడుతున్నారు.

అరికమేడు, బ్రహ్మగిరి

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉన్న వీలర్‌ను భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పిలిపించారు. 1944లో వచ్చి 1948 దాకా ఉన్నాడు. మాట కటువు, పని విషయంలో సైనికాధికారి పద్ధతి. వచ్చిన ఏడాదే తక్షశిలలో శిక్షణ శిబిరం పెట్టి అరవై మంది దాకా యువకులకు పొరలు చదవడం నేర్పాడు. స్వాతంత్ర్యం తరువాత మన దేశంలో పేరుపొందిన తవ్వకాలు నడిపిన బి.బి. లాల్, బి.కె. థాపర్ వంటివాళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

అప్పట్లో దక్షిణ భారత చరిత్రకు ఒక పెద్ద చిక్కు ఉండేది. కుండపెంకులు కుప్పలుగా దొరికేవి గానీ, ఏది ఏ కాలానిదో చెప్పే ఆనవాలు లేదు. మద్రాసు మ్యూజియంలో, అంటే అమరావతి శిల్పాలు ఉన్న ఆ మ్యూజియంలోనే, వీలర్ కంట ఒక జాడీ ముక్క పడింది. మధ్యధరా ప్రాంతంలో ద్రాక్షసారా పోసి పంపే రెండు పిడుల జాడీ తాలూకు ముక్క అది. పాండిచ్చేరి పక్కన అరికమేడులో దొరికిందన్నారు. అక్కడి పిల్లలు తెచ్చి ఇచ్చిన పూసలూ రాళ్ళూ చూసి, జూవో దుబ్రెయ్ అనే ఫ్రెంచి పండితుడు ఆ చోటు విలువను 1930లలోనే గుర్తించాడు.

వీలర్ 1945లో అరికమేడులో తవ్వించాడు. ఇటలీలో అరెజ్జో ఊరి పేరుతో పిలిచే ఎర్రటి నునుపైన గిన్నెల ముక్కలు దొరికాయి. అవి క్రీస్తుశకం 1వ శతాబ్దం మధ్య దాకా తయారైనవని ఐరోపాలో ముందే తేలింది. అలాంటి ముక్క ఒక పొరలో ఉందంటే, ఆ పొర ఆ గిన్నె తయారైన కాలానికంటే పాతది కాలేదు. ఆ పొరలోనే మన దేశపు కుండలూ ఉన్నాయి. కాబట్టి ఆ రకం కుండలకూ ఒక కాలం దొరికింది. ఎక్కడో ఇటలీలో చేసిన గిన్నె ముక్క మన కుండలకు పుట్టినరోజు చెప్పిందన్నమాట.

1947లో అదే లెక్కను కర్ణాటకలోని బ్రహ్మగిరికి పట్టుకెళ్ళాడు. అశోకుడి శాసనం ఉన్న చోటు అది. పై పొరల్లో అరికమేడు కుండల పోలికలు దొరికాయి. వాటి కింద ఇనుము వాడినవాళ్ళు, రాతి సమాధులు కట్టినవాళ్ళు. ఇంకా కింద నూరిన రాతి గొడ్డళ్ళవాళ్ళు. పై పొరల సంస్కృతికి ఆయన ‘ఆంధ్ర సంస్కృతి’ అని పేరు పెట్టాడు, పురాణాల్లో శాతవాహనులను ఆంధ్రులు అన్నారు కాబట్టి. దాని కింద ఉన్న రాతి సమాధులు మన రాక్షసగుళ్ళ కోవకు చెందినవే. రాక్షసులు కట్టారని మనం చెప్పుకున్నవి ఇనుప పనిముట్లు వాడిన మనుషులు తమవాళ్ళ కోసం కట్టుకున్న సమాధులని పొరలు చెప్పాయి.

టీవీలో పెద్దలు తడబడటం

వీలర్ ఇంగ్లండు తిరిగి వెళ్ళాక 1952లో బీబీసీలో ‘ఏనిమల్, వెజిటబుల్, మినరల్?’ అనే కార్యక్రమం మొదలైంది. ఒక మ్యూజియం వాళ్ళు ఒక వస్తువు పంపిస్తారు, చీటీ లేకుండా. ముగ్గురు పండితులు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఇది ఏమిటి, ఎక్కడిది, ఎప్పటిది అని పైకే ఆలోచిస్తూ చెప్పాలి. గ్లిన్ డేనియల్ అనే పురావస్తు శాస్త్రవేత్త నడిపించేవాడు. వీలర్ మీసం మెలేస్తూ కూర్చునేవాడు. వినడానికి మామూలు పొడుపుకథ ఆటే. కానీ జనం ఎగబడి చూశారు. 1954లో ఆ ఏటి టీవీ ప్రముఖుడిగా వీలర్‌ను ఎంచుకున్నారు. ఒక పురావస్తు శాస్త్రవేత్తకు అంతటి పేరు అప్పటిదాకా ఎవరూ ఊహించనిది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ కార్యక్రమంలో జనానికి నచ్చింది జవాబు ఒక్కటే కాదు, జవాబు కోసం వెతకడం. "ఇది బరువుగా ఉంది, అంచు అరిగింది, కాబట్టి రోజూ వాడినది" అని పెద్ద పండితుడు మెట్టు మెట్టుగా వెళ్ళడం, ఒక్కోసారి అందరి ముందూ తప్పు చెప్పడం. తప్పు చెప్పినందువల్ల ఆయన గౌరవం తగ్గలేదు.

కథ ఆధారాన్ని దాటి వెళ్ళినప్పుడు

ఇప్పుడు రెండో వైపు. వీలర్ గొప్ప కథకుడు. ఆ బలమే కొన్నిసార్లు ఆయన్ని దారి తప్పించింది.

మెయిడెన్ కాజిల్ తూర్పు ద్వారం దగ్గర చాలా అస్థిపంజరాలు దొరికాయి. కొన్నిటి మీద కత్తిగాట్లు ఉన్నాయి. ఒకరి వెన్నుపూసలో ఇనుప మొన గుచ్చుకుని ఉంది. వీలర్ వీటన్నిటినీ కలిపి ఒక కథ అల్లాడు: క్రీస్తుశకం 43లో రోమన్లు దండెత్తారు, తరువాత చక్రవర్తి అయిన వెస్పేషియన్ సైన్యం ఈ కోట మీద పడింది, బతికినవాళ్ళు చీకట్లో హడావిడిగా తమవాళ్ళను పాతిపెట్టారు. ఈ కథ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 1985–86లో నయల్ షార్పుల్స్ ఆధ్వర్యంలో మళ్ళీ తవ్వి చూస్తే, రోమన్లు వచ్చే నాటికే కోట చాలావరకు ఖాళీ అయిందని తేలింది. ఆ సమాధులు కూడా హడావిడిగా తవ్వినవి కావు. కుండలూ ఆహారమూ పెట్టి పద్ధతిగా పూడ్చినవి, ఒక్కరోజువి కావు. గాయాలు నిజమే. ఒక్క యుద్ధం, ఒక్క రాత్రి అన్నది మాత్రం వీలర్ ఊహ.

మన దేశం విషయంలో ఆయన చేసిన ఇలాంటి పొరపాటు ఇంకా పెద్దది. 1946లో హరప్పాలో తవ్వించాక, మొహెంజొదారోలో అంతకుముందే దొరికిన కొన్ని అస్థిపంజరాలను చూపించి, ఆర్యుల దండయాత్రలో జరిగిన ఊచకోత ఇదని రాశాడు. నేరం ఋగ్వేదంలోని ఇంద్రుడి మీద మోపాడు. 1964లో జార్జ్ డేల్స్ ఆ అస్థిపంజరాలు దొరికిన చోట్లను, పొరలను తిరిగి పరిశీలించాడు. అవి ఒకే కాలానివి కావు, కోట భాగంలో దొరికినవీ కావు. తరువాత కెనెత్ కెనెడీ ఎముకలను పరీక్షిస్తే ఊచకోతకు తగిన గాయాలు కనబడలేదు. ఊచకోత కథ అక్కడితో కూలిపోయింది. ఒక్క జాగ్రత్త: కూలింది ఆ ఊచకోత కథ. ప్రాచీన కాలంలో ఎవరెవరు ఎక్కణ్ణించి ఎక్కడికి వలస వెళ్ళారన్నది వేరే ప్రశ్న, దానికి వేరే ఆధారాలు చూడాలి. ఈ రెండింటినీ కలిపేసి పిల్లలకు చెబితే వీలర్ చేసిన తప్పునే మనం ఇంకో వైపు నుంచి చేసినట్టవుతుంది.

రెండు చోట్లా ఆయనకు యుద్ధమే కనబడింది. సైనికుడి కన్ను కదా! మనకు కూడా మన కళ్ళద్దాలు ఉంటాయి. పరాయి దేశంలో పెరిగే పిల్లలకు తమ మూలాలంటే గర్వం కలగాలని మన తాపత్రయం. ఆ తాపత్రయంలో ఫోనుకు వచ్చిన మెసేజీలో ఉన్న "వేల ఏళ్ళ కిందటే మనవాళ్ళు" అన్న మాటను కూడా పాఠంలో కలిపేస్తాం. పదేళ్ళ పిల్ల నమ్ముతుంది. పదిహేనేళ్ళకు తనే వెతికి అది నిజం కాదని తెలుసుకుంటుంది. అప్పుడు ఆ ఒక్క మాటనే కాదు, మనం చెప్పిన శాతవాహనులనూ అమరావతినీ కూడా అదే గాటన కట్టేస్తుంది.

అయితే వీలర్ తప్పులను ఇంతమంది ఎలా దిద్దగలిగారు? మెయిడెన్ కాజిల్‌లో, అరికమేడులో, బ్రహ్మగిరిలో ఆయన పొరలకు అంకెలు వేశాడు, బొమ్మలు గీయించాడు, నివేదికలు ఆలస్యం చెయ్యకుండా అచ్చు వేయించాడు. 1989–92 మధ్య విమలా బెగ్లీ బృందం అరికమేడులో తిరిగి తవ్వినప్పుడు ఆ నివేదిక పక్కన పెట్టుకునే, ఆ ఊరు రోమన్ వర్తకం కంటే ముందునుంచే ఉందనీ, వీలర్ అనుకున్నదానికంటే ఎక్కువ కాలం బతికిందనీ చూపగలిగింది. బ్రహ్మగిరి కింది పొరలకు ఆయన వేసిన కాలం కూడా తరువాత వచ్చిన రేడియోకార్బన్ పరీక్షలతో బాగా వెనక్కి జరిగింది. ఆధారం అందరి ముందూ ఉంది కాబట్టే దిద్దడం కుదిరింది. అమరావతిలో పొరలే మిగల్లేదు కాబట్టి, దిద్దాలన్నా చాలా చోట్ల దారి లేకుండా పోయింది.

మన తరగతిలో

అందుకని చరిత్ర పాఠానికి మనం పెట్టుకోదగిన నియమం ఒక్కటే. ఏ మాట చెప్పినా దానికి ఆధారం ఏమిటో కూడా చెప్పాలి. ఇది మూడు రకాలుగా విడదీసి చెప్పడం అలవాటు చేసుకోండి: దొరికింది ఏమిటి, దాన్నిబట్టి పండితులు అనుకుంటున్నది ఏమిటి, జనం చెప్పుకునే కథ ఏమిటి. రాక్షసగుళ్ళ కథను పారెయ్యక్కర్లేదు. అది కూడా మన ఆస్తే. కథను కథగా చెప్పి, సమాధిని సమాధిగా చూపించాలి.

దీనికి వీలర్ ఆట బాగా పనికొస్తుంది. పిల్లలను ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒకటి తెమ్మనండి: అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు, అడకత్తెర, కుంకుమ భరిణె, చిల్లి కాణీ. ఎవరిదో, ఏమిటో చెప్పకుండా బల్ల మీద పెట్టాలి. ముగ్గురు తల్లిదండ్రులు ముందు కూర్చుని పైకే ఆలోచిస్తూ చెప్పాలి. ఎక్కడ అరిగింది? దేనితో చేశారు? దీని మీద రాత ఉందా? ఏ వంటింట్లో, దేని పక్కన ఉండి ఉంటుంది? చివర్లో తెచ్చిన పిల్ల అసలు సంగతి చెబుతుంది. పెద్దవాళ్ళు తప్పు చెబితే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. మాటలన్నీ తెలుగులోనే జరుగుతాయి కాబట్టి భాషా పాఠం కూడా అందులోనే అయిపోతుంది.

బ్రిటిష్ మ్యూజియంకు పిల్లలను తీసుకెళ్ళినప్పుడు కూడా అమరావతి గదిలో ముందు వివరాల బోర్డు చదివించకండి. ఒక్క శిల్పం ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి, ఏం కనిపిస్తోందో చెప్పమనండి. ఆ తరువాత బోర్డు చదవండి. ఆ తరువాత అడగండి: ఈ బోర్డు రాసినవాళ్ళకు ఎలా తెలుసు? కొన్నిటికి జవాబు మనకూ తెలియదు. అప్పుడు "నాకు తెలియదు, వచ్చే వారానికి ఇద్దరం వెతుకుదాం" అనండి. ఆ మాట విన్న పిల్ల వచ్చే వారం తప్పకుండా మన బడికి వస్తుంది.